పది నిమిషాల్లో గరాల్ది

పుస్తకాలు చదవడం మానేశాకే నేను సాహిత్య పండితుణ్ణయ్యాను! నవ్వకండి.

ఫోన్‌లో సమ్మరీ యాప్ ఉండగా కళ్లు పాడుచేసుకోవడం ఎందుకు? ఇటలీ రచయిత సిల్వెస్త్రో గరాల్ది సంగతే చూడండి. పాపం, బడిపంతులు. పగలు పాఠాలు చెప్పాడు, సాయంత్రాలు రాశాడు, రాసినందుకు యుద్ధకాలంలో రెండేళ్లు జైల్లో ఉన్నాడు. నలభై ఏళ్లలో నాలుగు నవలలు! ఆ నాలుగూ నేను ఆఫీసుకెళ్తూ రౌస్ హిల్‌లో మెట్రో ఎక్కి చాట్స్‌వుడ్‌లో దిగేలోపు వినేశాను. ఎవరండీ సమర్థులు?

పోయిన నెల మా స్కోఫీల్డ్స్ తెలుగు పాఠకుల సంఘంలో ఆయన జైలు నవల మీద చర్చ. అందరం అదే యాప్ వినొచ్చాం. "ఇది ఒంటరితనానికి అద్దం" అని నేను మొదలుపెడితే, తరువాతి వాక్యం శ్రీపతిగారు అందుకున్నారు. ఒక్క గొడవ లేదు! మనవాళ్ల సభలో ఇంత ఏకాభిప్రాయం ఎప్పుడైనా చూశారా?

చిక్కంతా జ్ఞానప్రసూన ఆంటీ తెచ్చిపెట్టారు. చర్చ వాళ్లింట్లోనే. పక్కింటి ఇటాలియన్ ముసలావిడ రోజాను కూడా పిలిచారు. ఆవిడ చిన్నప్పుడు గరాల్ది బళ్లోనే చదువుకుందట!

మా ఉపన్యాసాలన్నీ ఆంటీ ఇంగ్లీషులో చెబుతుంటే ఓపిగ్గా విని, రోజా ఇంగ్లీషులోనే ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"ఆ కోడి దగ్గర మీకు నవ్వొచ్చిందా?"



"కోడేంటండీ? నా సమ్మరీలో రాలేదే!" అన్నారు శ్రీపతిగారు నా చెవిలో.

రోజాయే చెప్పింది. నవలలో కొడుకు జైలు నుంచి ఉత్తరాలు రాస్తాడు. తల్లికి చదువు రాదు. ఇంకొకరి చేత చదివించుకోవాలంటే సిగ్గు. అందుకని పెరట్లో కోడి ముందు కూర్చుని, కాగితం తలకిందులుగా పట్టుకుని, పైకి చదువుతుంది: "అమ్మా, ఇక్కడ చలి లేదు. రొట్టె మెత్తగా ఉంది."

చెబుతూ రోజా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. వెళ్తూ వెళ్తూ తన దగ్గరున్న ఇంగ్లీషు అనువాదం నా చేతిలో పెట్టింది.

చూశారా నా పతనం! కోడి కోసం రెండు వందల పన్నెండు పేజీలు చదవాల్సి వచ్చింది. అక్కడ పగలబడి నవ్వాను. పేజీ తిప్పితే, కొడుకు నిజంగా రాసిందేమిటో ఉంది. ఆ పూట భోజనం సహించలేదు.

"ఏంటండీ, మంత్ అయింది, ఇంకా ఫినిష్ అవలేదా ఆ బుక్?" అంటుంది మా ఆవిడ వీణ.

ఎలా అవుతుంది? ఇంక పదహారు పేజీలే మిగిలాయి. అందుకే రోజుకొక్కటే చదువుతున్నాను.