ఎవరు రాకపోతే పెళ్ళి ఆగుతుంది?

శ్రావణమాసంలో ముహూర్తం పెట్టుకున్నవాడికి ఆకాశంలో మబ్బు కనిపిస్తే గుండెల్లో దడ. తాడేపల్లిగూడెం సత్తిరాజుగారు ఆ దడ తగ్గించుకుందామని, ఒకనాటి ఉదయం కాఫీ తాగుతూ, కూతురు తేజస్వి పెళ్ళికి ఇన్సూరెన్స్ చేయించాలని నిశ్చయించుకున్నారు. భార్య సూర్యకాంతం వద్దంటున్నా వినలేదు. పది గంటలకల్లా ఏజెంటు చరణ్‌తేజ ఫారం పట్టుకుని వచ్చేశాడు.

వానకు కట్టాల్సింది ఎనిమిది వేలు. అక్కడితో ఆగితే ఏ గొడవా ఉండేది కాదు. ఫారం రెండో పేజీలో ఇంకో ప్రశ్న ఉంది: ఎవరు రాకపోతే పెళ్ళి ఆగిపోతుంది? ఒక్కో పేరుకు అదనంగా రెండు వేలు. సత్తిరాజుగారు బాగా ఆలోచించి రెండే పేర్లు రాయించారు. పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి తెచ్చే మేనమామ నాగేశ్వరరావు ఒకరు. గణపవరంలో చేపల చెరువులు వదిలి ఆయన కదలడం కష్టం. రెండో పేరు, వాన పడితే దారి మునిగే కొల్లేటి వైపు నుంచి రావలసిన వంటమనిషి బాలస్వామి.

"మరి పెళ్ళికొడుకుగారి పేరండీ?" అన్నాడు చరణ్‌తేజ.

"ఆయన ఎలాగూ వస్తాడు కదయ్యా. రెండు వేలు దండగ."

మధ్యాహ్నానికి ఈ సంగతి సత్తిరాజుగారి అక్క మంగాయమ్మ చెవిన పడింది. వంటమనిషి లేకపోతే ఆగే పెళ్ళి మేనత్త లేకపోయినా జరిగిపోతుందా అని ఆవిడ మూతి ముడుచుకుంది. ఆవిడ పేరు రాయించారు. అది విని పంతులుగారు అలిగారు. ఆయన్ని చేరిస్తే సన్నాయి మేళంవాళ్ళు ఫోన్ చేశారు. సాయంత్రానికి పదహారు పేర్లయ్యాయి. తన పేరు చూసి మురిసిపోయిన మంగాయమ్మ, ఆ జాబితా ఫొటో తీసి పెళ్ళి వాట్సాప్ గ్రూపులో పెట్టింది.

మర్నాడు పొద్దున్నే ఏలూరు నుంచి కాబోయే వియ్యపురాలు కామేశ్వరి, కొడుకు సాయికృష్ణను వెంటబెట్టుకుని దిగింది. ఆవిడ గొంతు పెంచలేదు. అదే భయంగా ఉంది.

"అన్నయ్యగారూ, సన్నాయి ఊదే ఆయన రాకపోతే పెళ్ళి ఆగుతుందని రాయించారు. మా అబ్బాయి రాకపోయినా ఫర్వాలేదన్నమాట. అయితే మేం రామండి."

గుమ్మంలో నిలబడ్డ తేజస్వి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కూతురి ముఖం చూసి సత్తిరాజుగారు గబగబా లేచారు. వాన, పందిరి, ఫారం అన్నీ మరిచిపోయారు.

"చెల్లెమ్మా, వస్తారో రారో అని అనుమానం ఉన్నవాళ్ళకేనమ్మా ఇన్సూరెన్స్. మీ అబ్బాయి మీద నాకు రవ్వంత అనుమానం లేదు. అందుకే రాయించలేదు."

రెండు వేల దండగ సంగతి ఆయన ఎత్తలేదు. కామేశ్వరి ముఖం విప్పారింది. సాయికృష్ణ తేజస్వి వైపు చూసి, ఊరంతా మునిగినా ఈదుకుంటూ వస్తానని మెల్లగా అన్నాడు. ఇల్లంతా నవ్వింది, ఒక్కరు తప్ప. గణపవరం నుంచి అప్పుడే వచ్చిన నాగేశ్వరరావు కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"అంటే బావగారూ, అనుమానం నా మీదన్నమాట."

పేరు కోసం పోట్లాడిన మంగాయమ్మే ముందుగా తన పేరు కొట్టేయమంది. ఆ తరువాత నాగేశ్వరరావు, పంతులుగారు, సన్నాయివాళ్ళు, బాలస్వామి. పేర్లు కొట్టేసి కొట్టేసి చరణ్‌తేజ పెన్ను అరిగిపోయింది. పెళ్ళినాడు వీళ్ళంతా పంతం పట్టినట్టు తెల్లవారకముందే పందిట్లో ఉన్నారు.

ఆ జాబితాలో చివరికి మిగిలింది సత్తిరాజుగారి పేరొక్కటే. తమ పెళ్ళికి ఆయన గంటన్నర ఆలస్యంగా వచ్చిన సంగతి మరిచిపోని సూర్యకాంతం, ఆ రెండు వేలూ తనే కట్టి రాయించింది.