వీబె కుర్చీ వీధిన పడిన వైనం

గురువారం పొద్దున ఎనిమిదింటికి వీబె సైకిలెక్కి డ్యూటీకి వెళ్లీ వెళ్లకముందే, అతని భార్య హిల్కే చేతులు పైకి మడిచి ముందుగది మీద పడింది. మర్నాడు వీబెకి అరవై నిండుతాయి. గదిలో కుర్చీలు గుండ్రంగా వేసుకుని, వీధి వీధంతా వచ్చి కూర్చుని, మనిషికొక్క కేకు ముక్క తిని, వీబెతో పాటు హిల్కేని కూడా అభినందించి వెళ్తారు. ఈలోగా, సాయంత్రం ఆరింటికి ఆయనగారు ఇల్లు చేరేలోపు, ఆ గదికి తెల్లరంగు వేసేయాలన్నది ఆమె పథకం.

ఆ గోడల మీద ముప్ఫై ఆరేళ్ల నాటి వాల్‌పేపర్ ఉంది. ముదురు గోధుమరంగు మీద బత్తాయిలంత నారింజరంగు వలయాలు. పెళ్లైన కొత్తలో, అప్పటికే ఎవరూ కొనక దుకాణంవాడు మూల పడేసిన చుట్టలు తెచ్చుకుని, ఇద్దరూ కలిసి అంటించుకున్నారు. హిల్కేకి ఆ వలయాలంటే ప్రాణం.

ఫ్రానెకెర్‌లో వాళ్ల వీధి ఇళ్ల కిటికీలకి తెరలుండవు. దారినపోయేవాళ్లు లోపలికి చూసుకుంటూ పోతారు, లోపలివాళ్లు చూపించుకుంటూ బతుకుతారు. ఐదేళ్లుగా ఏ కిటికీలోంచి చూసినా తెల్లగోడ, బూడిదరంగు సోఫా. వీళ్లిల్లు ఒక్కటే మిగిలింది. మూడు వారాల కిందట ఎదురింటి టీనెకె కిటికీ ముందు వీబె ఆగి, "అబ్బ, ఎంత వెలుగో!" అన్నాడు. ఆ మాట హిల్కేకి పట్టుకుంది. పాపం, తనకోసం ఇన్నాళ్లూ నోరు మూసుకుని ఆ చీకటిగదిలో కూర్చున్నాడన్నమాట! వలయాలు పోతే పోయాయి, మొగుడి ముఖంలో వెలుగు చాలనుకుంది.

పెద్ద బీరువాని ఒక్కతే కదపలేక దానిమీద దుప్పటి కప్పింది. తేలిగ్గా కదిలేవన్నీ బయట కాలిబాట మీద పెట్టింది. అవేమిటంటే వీబె కూర్చునే గోధుమరంగు కుర్చీ, వీబె రేడియో, వీబె గాలాల పెట్టె. కిటికీ గట్టు మీది రెండు నీలం జాడీల్లో ఒకటి తీయబోతే చెయ్యి జారి ముక్కలైంది. రెండోదాన్ని అక్కడే వదిలేసి, లోపలి పని బయటికి కనపడకుండా దాని వెనక ఒక దుప్పటి అడ్డంగా కట్టి రోలర్ అందుకుంది.

ఆ రోజు పాత సామాన్ల చెత్తబండి వచ్చే రోజన్న సంగతి ఆమె పథకంలో లేదు. బండి రోజున కాలిబాట మీద ఏముంటే అది ఎవరైనా పట్టుకుపోవచ్చు. ఎందుకు పెట్టారని అడగడమే మర్యాద కాదు. ఇక కిటికీ గట్టు సంగతంటారా, అక్కడ ఏ వస్తువైనా మొగుడూ పెళ్లాల్లా జంటగానే ఉండాలన్నది ఆ ఊళ్లో ఎవరూ రాయని శాసనం. ఒక్క జాడీ ఉన్న కిటికీని ఆ వీధి పుట్టి బుద్ధెరిగి చూడలేదు. చూసింది, ఆలోచించింది, మగవాడి సామాన్లు మాత్రమే బయట ఉండటం కూడా గమనించింది.

పదకొండింటికి టీనెకె గిన్నెడు బఠానీ సూప్ పట్టుకుని పెరటివైపు నుంచి వచ్చింది. వంటింట్లో చేతులు కడుక్కుంటున్న హిల్కే, ఆమె ముందుగది వైపు పోకుండా అడ్డంగా నిలబడింది. రేపటిదాకా ఎవరికీ తెలియకూడదు మరి.

"ఏమే హిల్కే, నిజమేనా?" అంది టీనెకె లోగొంతుతో.

"అప్పుడే తెలిసిపోయిందా! కిటికీ చూసి పసిగట్టావా?"

"చూడక చస్తామా! ఎన్నాళ్ల నుంచి అనుకుంటున్నావే?"

"మూడు వారాల నుంచి. ముప్ఫై ఆరేళ్లయింది టీనెకె, ఇంక చాలనిపించింది."

"వీబెకి తెలుసా?"

"తెలియదు. సాయంత్రం వచ్చాక చూసుకుంటాడు."

"అయ్యో! రేపు పుట్టినరోజు పెట్టుకునా?"

"అందుకేగా ఈ రోజే కానిచ్చేస్తున్నా," అంది హిల్కే సంబరంగా.

టీనెకె ఆమెను వింతగా చూసి, సూప్ గిన్నె బల్ల మీద పెట్టి, వెళ్లిపోయింది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. సైకిలు తీసి తిన్నగా కాలువ దగ్గరికి పోయింది. ఇదంతా హిల్కేకి తర్వాత తెలిసిన భాగోతం. పడవలొచ్చినప్పుడు వంతెనను పైకి లేపి, మళ్లీ దించడమే వీబె ఉద్యోగం. వంతెన లేచి ఉన్నంతసేపూ జనం సైకిళ్ల మీద కాలు ఆనించి కబుర్లాడుకుంటారు. టీనెకె వెళ్లేసరికి వంతెన పైకి లేచి ఉంది. అది దిగేలోపు, పైన గదిలో కూర్చుని దాన్ని దించుతున్న వీబెకి తప్ప ఊరందరికీ విషయం తెలిసిపోయింది.

మధ్యాహ్నం మూడింటికి నాలుగు గోడలూ పాలలా మెరుస్తుండగా, హిల్కే కుర్చీ లోపలికి తెచ్చుకుందామని తలుపు తీసింది. కాలిబాట ఖాళీ. కుర్చీ లేదు, రేడియో లేదు, గాలాల పెట్టె లేదు.  గది ఎలా ఉన్నా, ఆ కుర్చీ లేని ఇంట్లో వీబె కూర్చోగా ఆమె ఏనాడూ చూడలేదు. జుట్టంతా రంగుతోనే, ఒక్కో కిటికీలోకీ తొంగి చూస్తూ వీధి చివరిదాకా పరుగెత్తింది. ఆఖరింటి డుర్క్ గుమ్మంలో రేడియో దుమ్ము తుడుస్తూ కనిపించాడు.

"డుర్క్! అది మాది! కుర్చీ ఏది?"

"కంగారుపడకండి హిల్కే గారూ, పైగదిలో వేశాను. కిటికీ పక్కనే. అతనికి గాలి బాగా తగులుతుంది."

"ఎవరికి?"

"వీబెకే. ఎక్కడో ఒకచోట తల దాచుకోవాలి కదండీ. ఇందాకే ఫోన్ చేసి చెప్పాను, ఇల్లు దొరికేదాకా మా ఇంట్లోనే ఉండమని. మీరంటే నాకేం కోపం లేదు సుమండీ. ముప్ఫై ఆరేళ్లు భరించారట, టీనెకె చెప్పింది."

పొద్దుటి మాటలన్నీ ఒక్కసారిగా హిల్కే చెవుల్లో మోగాయి. "ఓరి నాయనో!" అని డుర్క్ సైకిలే లాక్కుని ఎక్కింది.

వంతెన ఆకాశంలోకి లేచి ఉంది. పడవ వెళ్లిపోయి చాలాసేపైంది. డుర్క్ ఫోన్ వచ్చినప్పటి నుంచి దాన్ని దించాలన్న ధ్యాసే లేక వీబె తల పట్టుకుని కూర్చున్నాడు. రెండు గట్ల మీదా సైకిళ్లు, కార్లు బారులు తీరాయి. అతని గది అవతలి గట్టున ఉంది, హిల్కే ఇవతల నిలబడింది.

"వీబె! నేనెక్కడికీ పోవడంలేదు! నువ్వూ ఎక్కడికీ పోవడంలేదు!"

వీబె కిటికీ తీశాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "మరి నా కుర్చీ వీధిలో ఎందుకు పడేశావ్?"

"గదికి రంగు వేశాను! తెల్లరంగు!"

"ఎందుకూ?"

"నీకిష్టమని!"

"నాకిష్టమని ఎవరు చెప్పారు?"

"టీనెకె కిటికీ దగ్గర అన్నావుగా, ఎంత వెలుగో అని!"

"కళ్లు మండి అన్నానే మహాతల్లీ! మన వలయాలు... మొత్తం పోయాయా?"

"పోయాయి," అంది హిల్కే. "నాకూ అవంటే ప్రాణమే. నీకోసమే చంపుకున్నాను."

 ఏం జరుగుతుందో చూడ్డానికి మళ్లీ వచ్చి, హిల్కే పక్కనే సైకిలు పట్టుకుని ఉన్న టీనెకె కోపంగా అంది. "కళ్లు మండుతాయా? మాకు మాత్రం ఇష్టమా ఏమిటి! డుర్క్‌ని చూసి వేశాం!"

ఆయాసపడుతూ నడిచొచ్చిన డుర్క్ ఆగిపోయాడు. "నన్ను చూసా? మీ బల్ల మీద రంగుల కార్డులు చూసి కదా నేను డబ్బాలు కొన్నది!"

వంతెన మెల్లగా కిందికి దిగసాగింది. అది పూర్తిగా దిగకముందే హిల్కే ఎక్కేసింది, వీబె అటునుంచి మెట్లు దిగి వచ్చేశాడు. వంతెన నడిమధ్య అతని చొక్కా నిండా తెల్లరంగు అంటుకుంది. వెనక కార్లవాళ్లు హారన్ కొట్టలేదు. ఆ ఊళ్లో అది చాలా పెద్ద విషయం.

మర్నాడు పుట్టినరోజు తెల్లటి గదిలోనే జరిగింది. కుర్చీ తిరిగొచ్చింది. కేకు తింటూ చుట్టాలూ పొరుగువాళ్లూ ఆ పాత వలయాల గురించి ఎంత మెచ్చుకుంటూ మాట్లాడారో చెప్పలేం. ఇన్నాళ్లూ కిటికీలోంచి చూసి మనసు పారేసుకున్నామని ఒకరి తర్వాత ఒకరు ఒప్పుకున్నారు. వచ్చేవారం అదే కాగితం తెచ్చి మళ్లీ అంటించుకుందామని వీబె, హిల్కే మాట అనుకున్నారు.

వాళ్లు దుకాణానికి వెళ్లేసరికి, ఏళ్ల తరబడి గోదాములో పడున్న ఆఖరి చుట్టలు కూడా టీనెకె, డుర్క్ కొనుక్కుపోయారు. ఎక్కడెక్కడో మిగిలిన చుట్టలన్నీ మిగతా వీధి అప్పటికే ఊడ్చి తెప్పించుకుంది. కంపెనీ దాన్ని తయారుచేయడం మానేసి ముప్ఫై ఏళ్లయిందని దుకాణంవాడు విచారంగా చెప్పాడు.

ఇప్పుడు ప్రతి ఆదివారం సాయంత్రం వీబె, హిల్కే చెయ్యీ చెయ్యీ పట్టుకుని వీధి చివరిదాకా నడిచి, అందరి కిటికీల్లోనూ తమ గదిని చూసుకుని, తెల్లటి ఇంటికి తిరిగొస్తారు.