అందరూ ఇంపార్టెంటే

ఉచిత కంటి ఆపరేషన్ల వెబ్‌సైటుకి ఏ స్టైలింగ్ పద్ధతి వాడాలో తేల్చడానికి ఉన్నతస్థాయి సంఘం వేస్తున్నట్టు మంత్రిగారు ప్రకటించారు. బటన్ రంగు దగ్గర కూడా ప్రజాస్వామ్యం పాటించే నాయకుడు దొరకడం జనం చేసుకున్న పుణ్యం. ఆ వెబ్‌సైటు తయారుచేస్తున్న ఇంజనీరు మాత్రం ఆ పుణ్యానికి పొంగిపోలేదు. అతని పెద్దమ్మకి రెండు కళ్ళకీ పొరలు కమ్మేశాయి. దరఖాస్తు వెబ్‌సైటులో తప్ప తీసుకోరు.

"సార్, రెండు దారులున్నాయి," అన్నాడు మీటింగులో. "ఫోటో, బటన్, ఇలా పేజీలో దేని స్టైల్, అంటే రంగూ సైజూ చోటూ, దానికే రాయొచ్చు. లేదా అన్నిటికీ కలిపి ఒకటే ఫైలు."

"అంటే వేరు కాపురాలా, ఉమ్మడి కుటుంబమా?" అన్నారు మంత్రిగారు. అంతటి సాంకేతిక పరిజ్ఞానానికి కార్యదర్శిగారు చప్పట్లు కొట్టారు.

"వేరు కాపురాలే మేలు సార్. ఒకరి జోలికి ఒకరు రారు."

"అమ్మో! నేను కాపురాలు విడగొట్టానని ప్రతిపక్షం రేపే రోడ్డెక్కుతుంది. ఉమ్మడే ఖాయం చెయ్యండి."

ఉమ్మడి అన్నాక పెత్తనం గొడవ రాకుండా ఉంటుందా? తన సందేశం అన్నిటికన్నా పైన కనబడాలన్నారు కార్యదర్శిగారు. ఇంజనీరు నోరు జారాడు.

"ఫైల్లో ఏ స్టైల్ రూలు పక్కనైనా 'ఇంపార్టెంట్' అని రాస్తే అది మిగతావాటిని తొక్కేస్తుంది సార్."

"మరి నా ఫోటో పక్కన ఎందుకు రాయలేదయ్యా?" మంత్రిగారు నొచ్చుకున్నారు.

రాశాడు. కార్యదర్శిగారు అలిగితే సందేశం పక్కన రాశాడు. మంత్రిగారి బావమరిది ముఖం మాడ్చుకుంటే ఆయన శుభాకాంక్షల పక్కనా రాశాడు. అందరూ ఇంపార్టెంట్ అయితే ఫైల్లో చివర ఉన్నది నెగ్గుతుందని తెలిసి, మంత్రిగారు జీవితంలో మొదటిసారి క్యూలో చివరికెళ్ళి నిలబడ్డారు. ఆయన ఫోటో పేజీ అంతా పరుచుకుంది.

"సార్, దరఖాస్తు బటన్ తమరి ఫోటో కింద పడిపోయింది. దానికీ ఇంపార్టెంట్ అని రాయనా?"

"బటన్ ఎవరి తాలూకు?"

"ఎవరి తాలూకూ కాదు సార్. పేషెంట్లు నొక్కేది."

"మరి మంత్రిగారి పైనెలా కూర్చోబెడతావయ్యా?" కార్యదర్శిగారు గద్దించి, వెబ్‌సైటు పాస్‌వర్డు లాగేసుకున్నారు. ఇంజనీరుకి ఒళ్ళు మండిపోయింది. ఉద్యోగం గుర్తొచ్చి ల్యాప్‌టాప్ మూసేశాడు.

వెబ్‌సైటు అట్టహాసంగా మొదలైంది. కొన్నాళ్ళకి మంత్రిగారు టీవీలో కనబడ్డారు.

"ఇంత గొప్ప సైటు పెట్టినా ఒక్క దరఖాస్తు రాలేదు. దీని అర్థమేంటి? మా పాలనలో ప్రజలందరి చూపూ భేషుగ్గా ఉంది!"

చప్పట్లు మోగిపోయాయి. పెద్దమ్మ ఫోన్లో ఆ వెబ్‌సైటు తెరిచి ముక్కుకి ఆనించుకుని, మంత్రిగారి బుగ్గల మీద వేలితో తడుముతూనే ఉంది.

"చూశావట్రా, అందరికీ బాగానే కనబడుతోందిట," అంది దిగులుగా. "నా దిక్కుమాలిన కళ్ళకే ఆ బటన్ ఆనట్లేదు."