సలోమి గారి తలుపు

క్రిస్మస్ మర్నాడు, ఏటా జరిగేదే కనుక ఎవరికీ వింతగా తోచకుండా, పండగానంతర క్షేమ విభాగం వాళ్ళు ఊళ్ళో ఎవరూ రాని ఇళ్ళ తలుపులు ఊడదీసి పట్టుకుపోవడం మొదలుపెట్టారు. తలుపు తీసిన చోట గోడ ఉంటుంది. ఎవరో ఇటుకలు పేర్చి కట్టేది కాదు. తలుపు తియ్యగానే అక్కడ గోడే ఉంటుంది, సున్నంతో సహా. పాలప్యాకెట్టు పట్టేంత సందు మాత్రం కింద మిగులుతుంది.

ఇదంతా జనం మేలు కోరి చేసేదే. పండగ వెళ్ళిపోయాక మనుషులు దిగులుపడేది ఒంటరితనం వల్ల కాదనీ, అస్తమానం గుమ్మం వైపు చూడటం వల్లేననీ విభాగం వారు ఏనాడో తేల్చేశారు. చూడ్డానికి తలుపే లేకపోతే ఇక దిగులెక్కడిది? ఊడదీసిన తలుపులు కూడా వృథాగా పోవు. చుట్టాలతో కిటకిటలాడే ఇళ్ళకు ఒక తలుపు చాలదు కాబట్టి వాళ్ళకు రెండోదిగా బిగిస్తారు. కొత్త సంవత్సరం ముందు రోజు సాయంత్రం ఎవరిది వారికి తెచ్చి పెడతారు. ఈలోగా తలుపు లేని ఇంటివాళ్ళు ఊరెళ్ళారనుకోవడం ఊరి రివాజు. ఇంత బాగా జరిగే ప్రభుత్వ పని ఊళ్ళో ఇంకోటి లేదు.

టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం చేసి రిటైరైన సలోమి గారు మిషన్ వీధి చివరింట్లో ఒక్కరే ఉంటారు. కొన్నేళ్ళుగా వరసగా తలుపు పోగొట్టుకుంటున్నారు. ఈసారి మాత్రం పోనివ్వకూడదని పట్టుబట్టారు. నియమం చూస్తే చిన్నదే. పండగ మర్నాడు సాయంత్రంలోగా ఒక్క మనిషి, ఏ పనీ పెట్టుకోకుండా ఇంట్లోకి వచ్చి, కూర్చుని, మంచినీళ్ళు తాగి వెళ్ళాలి. అంతే.

ఒక్క మనిషి కోసం ఆవిడ గట్టి ఎత్తే వేశారు. రెండు రోజులు పొయ్యి దగ్గర నిలబడి గులాబీ పువ్వుల పిండివంట చేసి, పేరు చెక్కించిన స్టీలు గిన్నెల్లో పెట్టి, పండగ నాడు వీధి వీధంతా పంచారు. పరువైన ఇళ్ళల్లో ఎవరూ పక్కింటి గిన్నె అట్టేపెట్టుకోరు. ఇవ్వడానికి రావాల్సిందే.

ఆవిడ మర్చిపోయింది ఒక్కటే. గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు. అందులో ఏదో ఒకటి వండి పెట్టివ్వాలి. నెల మొదటి నుంచీ పండగకు ముందే ఇంటింటా జరిపే సెమీ క్రిస్మస్‌లు చేసీ చేసీ, అసలు పండగ దాటేసరికి వీధిలో ఏ ఇల్లాలికీ గరిట పట్టే ఓపిక లేదు. అందరూ సలోమి గారి గిన్నెలు శుభ్రంగా తోమి బోర్లించుకున్నారు. ఒంట్లో సత్తువ వచ్చాక చూద్దాంలే అనుకున్నారు.

సాయంత్రం క్షేమ సహాయకుడు కిషోర్‌బాబు ఇద్దరు మనుషుల్నీ ఒక గునపాన్నీ వెంటపెట్టుకుని వచ్చాడు.

"మధ్యాహ్నం ఎవరో వచ్చారంటగదండి?"

"గ్యాస్ బండ అబ్బాయి. మంచినీళ్ళు తాగాడు బాబూ. కూర్చున్నాడు కూడా."

"పని మీదొచ్చినోళ్ళు లెక్కలోకి రారండి. మీరే బలవంతాన కూర్చోబెట్టారంటగదా."

"ఎండలో వచ్చాడని..."

"డిసెంబర్లో ఎండేంటండీ!"

సలోమి గారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. "ఇంకో గంట చూడు నాయనా. నా గిన్నెలున్నాయి వాళ్ళ దగ్గర. ఎవరో ఒకరు తెస్తారు."

"గిన్నెల మీద మీ పేరుందాండీ?"

"ఉంది."

"అయితే ఎక్కడికీ పోవు లెండి, బెంగెట్టుకోకండి."

ఊరడించడం కూడా అతని ఉద్యోగంలో భాగమే. తలుపు ఊడి వచ్చేసింది, గోడ మిగిలింది. సందులోంచి ఒక కరపత్రం లోపలికి తోశారు. నీళ్ళు బాగా తాగండి, పొద్దున్నే ఎండలో నడవండి, నలుగురితో కలిసి మాట్లాడండి అని ఉంది. సలోమి గారు అందులో వీలయ్యేది చేశారు. నీళ్ళు తాగారు.

రోజూ విభాగం నుంచి ఫోను వస్తుంది. "మీరు కులాసాయేనా? అయితే ఒకటి నొక్కండి," అంటుంది రికార్డు చేసిన ఆడగొంతు. రెండు నొక్కితే మళ్ళీ మొదటి నుంచీ అడుగుతుంది. సలోమి గారు రెండే నొక్కేవారు. ఇంకోసారి ఎవరైనా కులాసాయేనా అని అడిగితే వినాలని ఉండేది.

నాలుగో రోజు పొద్దున్న ఎదురింటి వైపు నుంచి తలుపు కిర్రుమంది. ఆ కిర్రు సలోమి గారికి బాగా తెలుసు. అది తన తలుపే. ఎదురింటి హెప్సిబా వాళ్ళకు చుట్టాలెక్కువ కదా, వాళ్ళకే బిగించారన్నమాట. ఆ తలుపులోంచే హెప్సిబా సలోమి గారి గిన్నె పట్టుకుని, తన చిన్న కూతుర్ని వెంటబెట్టుకుని వీధి దాటి వచ్చింది. సందులోంచి సున్నుండల వాసన లోపలికి వచ్చింది.

"తలుపు లేదమ్మా," అంది పిల్ల.

"ఊరెళ్ళుంటార్లే. తలుపు లేని ఇంట్లో ఎవరుంటారే!"

సలోమి గారు గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డారు. ఒక్క కేక వేస్తే చాలు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఏమని పిలవాలి? పండగ పూట నా ఇంటికి ఒక్కరూ రాలేదమ్మా, అందుకే తలుపు తీసుకుపోయారు, నేను లోపలే ఉన్నాను అని చెప్పాలా? ఆ మాట అనడం కంటే ఊరెళ్ళడమే మర్యాదగా అనిపించింది. చెప్పుల చప్పుడు వీధి దాటి వెళ్ళిపోయేదాకా ఊపిరి బిగబట్టి, తరవాత గోడ పక్కనే కింద కూలబడి ఏడ్చారు. ఆ రోజు ఫోను రాగానే మొదటిసారే ఒకటి నొక్కేశారు.

ముందు చెప్పినట్టే డిసెంబరు ముప్పై ఒకటి సాయంత్రం తలుపు తిరిగొచ్చింది. జనవరి ఒకటి ఉదయం ఆరాధనకు సలోమి గారు కొత్త చీర కట్టుకుని వెళ్ళారు. ఆరాధన అయ్యాక హెప్సిబా వచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"ఏంటాంటీ, చెప్పాపెట్టకుండా ఊరెళ్ళిపోయారు? నేనొచ్చి తిరిగెళ్ళాను."

"మా తమ్ముడి వాళ్ళింటికెళ్ళానమ్మా."

"బాగా జరిగిందా?"

"చాలా బాగా. ఇంకో నాలుగు రోజులుండమని ఒకటే గొడవ. పిల్లలైతే వదల్లేదు."

"అదృష్టవంతులు!" అంటూ హెప్సిబా తన చుట్టాల గుంపులోకి వెళ్ళిపోయింది.

సలోమి గారు కూర్చున్న బల్ల మీదే ఆ చివర కూర్చున్న ప్రభుదాసు గారు, భార్య పోయాక ఒంటరిగా ఉంటున్న మాజీ డ్రిల్లు మాస్టారు, ఇటు తిరిగి గొంతు సవరించుకున్నారు.

"మీరెప్పుడొచ్చారండీ ఊర్నించి?"

"నిన్న సాయంత్రం."

"నేనూ నిన్న సాయంత్రమేనండి," అన్నారాయన.