మంచం పక్కన కుర్చీ ఉన్న దేశం

మెడికల్ స్టూడెంట్లను విదేశీ ఆసుపత్రులకు ట్రైనింగ్‌కి పంపడం దండగని ఎవరైనా అంటే, వాళ్లతో నేను మాటలు మానేస్తాను. దండగేమిటండీ? విశాఖపట్నానికి హార్బరు తర్వాత అంతటి మేలు చేసింది ఇంకొకటి ఉంటే చూపించండి! ఉక్కు ఫ్యాక్టరీ అంటారా? అది వచ్చినప్పుడు చూద్దాం.

నమ్మకం లేకపోతే మా సీతమ్మధార రండి, భీమశంకరరావుని చూపిస్తాను. పోర్టులో పెద్ద గుమాస్తాగా చేస్తున్న చలమయ్యగారి అబ్బాయి. ఫైనలియర్లో ఉండగా, ఒక క్లబ్బువాళ్ల పుణ్యమా అని, ఇంగ్లండులో ఏదో రేవుపట్నం ఆసుపత్రిలో రెండు నెలల ట్రైనింగ్‌కి వెళ్లొచ్చాడు. వెళ్లకముందు మామూలు మనిషి. వీధిలో ఎదురైతే "బావున్నారా మాస్టారూ?" అనేవాడు. ఇప్పుడు ఎదురైతే ఆకాశం వంక చూసి, ఇవాళ ఎండ ఎలా ఉందో ఇంగ్లీషులో చెబుతున్నాడు. అక్కడ పలకరింపు అదేనట!

మే నెలలో ఉన్నికోటు వేసుకుని డ్యూటీకి వెళ్తున్నాడు. వీపంతా చెమటకాయలు. వాళ్లమ్మ కామేశ్వరిగారు పౌడరు అద్దుతూ, "కోటు తీసెయ్యి నాయనా, చూళ్లేకపోతున్నాను" అంటే, "అక్కడ డాక్టర్లెవరూ తియ్యరమ్మా" అన్నాడట. వైద్యవృత్తి కోసం ఒళ్లు ఇంతగా పేలబెట్టుకున్న త్యాగమూర్తి ఈ జిల్లాలో ఇంకొకడున్నాడా?

ఇక స్లైడ్ల సంగతి. హాల్లో దుప్పటి కట్టి వీధివీధంతటికీ వేసి చూపించారు. మంచులో భీమశంకరరావు, ఎర్రబస్సు పక్కన భీమశంకరరావు, పావురాలకు గింజలు వేస్తున్న భీమశంకరరావు. ఆసుపత్రి కూడా ఉందండోయ్! గేటు దగ్గర భీమశంకరరావు. చలమయ్యగారు ప్రతి స్లైడుకీ "మావాడేనండీ" అని చెబుతూనే ఉన్నారు, మేం ఇంకెవరో అనుకుంటామేమోనని.

ఇంతకీ అక్కడ ఏం నేర్చుకున్నాడంటారా? అక్కడికే వస్తున్నాను.

మొదట్లో పాపం ఏమీ లేదు. పెద్ద ప్రొఫెసరు వార్డులో నడుస్తుంటే వెనకాల బారు తీరిన వాళ్లలో చివరివాడు మనవాడు. అడగకుండా రోగి మీద చెయ్యి వేయకూడదు. ఇతన్ని ఎవరూ ఏదీ అడగరు. నోరు తెరిస్తే ఏం తప్పు దొర్లుతుందోనని అతనికీ భయమే. రేపు ఊరెళ్లి నాన్నకి ఏం చెప్పాలి, గోడకానుకుని నిలబడొచ్చాననా? ఆ దిగులుతో తిండి కూడా సరిగ్గా సయించలేదట.

అప్పుడొచ్చాడు అర్జునరావు. ఎక్కణ్నుంచి అనుకున్నారు? మన హార్బరు పక్క కొండకి అవతలుండే యారాడ నుంచి! చేపలుపట్టే ఇంట్లో పుట్టి, ఓడమీద ఖలాసీగా చేరిన కుర్రాడు. ఆ రేవులో ఓడ ఆగేసరికి ఒళ్లు కాలిపోతోంది, పిక్క గుమ్మడికాయంత వాచింది. దొరలు నెత్తురు తీశారు, ఎక్స్‌రేలు తీశారు, ఉష్ణదేశపు జబ్బుల పుస్తకాలన్నీ తిరగేశారు. జబ్బు అంతు చిక్కలేదు. అర్జునరావు చెప్పేది ఒక్క ముక్కా అర్థం కాలేదు. ప్రొఫెసరు వెనక్కి తిరిగి, బారు చివర నిలబడ్డవాణ్ని వేలు పెట్టి పిలిచాడు.

భీమశంకరరావు మన ఆసుపత్రి అలవాటు ప్రకారం మంచం కాళ్లదగ్గర నిలబడి, "ఏంట్రా నీ బాధ? తొందరగా చెప్పు" అన్నాడు. ప్రొఫెసరుకి తెలుగు రాదు గానీ ఆ గొంతు అర్థమైంది. తనే వెళ్లి ఒక కుర్చీ తెచ్చి మంచం పక్కన వేసి, కూర్చోమని సైగ చేసి, చేతులు కట్టుకుని వెనకాల నిలబడ్డాడు. లేచిపోదామంటే దారేదీ?

"ఏటి బాబూ, మనూరేనా మీది?" అన్నాడు అర్జునరావు. అంతే, ఏడుపొచ్చేసింది కుర్రాడికి. తెలుగు మాట విని ఎన్నాళ్లయిందో! ఇక ఆపితే ఒట్టు. నాయన తెప్ప సంగతి చెప్పాడు, అమ్మ గంగాలమ్మ వండే పులుసు సంగతి చెప్పాడు, ఓడమీద పెట్టే తిండిని తిట్టాడు. గంట గడిచింది. భీమశంకరరావు రెండుసార్లు లేవబోయి, వెనక్కి చూసి, మళ్లీ కూర్చున్నాడు. ఆ గంట చివర్న, వేరే మాటల మధ్యలో ఆ మాట వచ్చింది.

"ఓడెక్కకముందు యారాడకాడ వల లాగతంటే టేకు సేప తోకముల్లుతో కొట్టీసింది బాబూ, ఈ పిక్కమీదే. ముల్లిరిగి లోపలుండిపోనాదేమో. పుండు మానిపోనాది గదాని ఊరుకున్నాను."

పిక్క కోశారు. ముల్లు బయటికొచ్చింది. జ్వరం దిగింది. ప్రొఫెసరు అందరి ముందూ భీమశంకరరావుతో చేయి కలిపి, మా మిషన్లన్నీ చెయ్యలేని పని నువ్వు కూర్చుని విని చేశావన్నాడు. ఆ రోజు అతనికి నిజంగానే కళ్లల్లో నీళ్లు తిరిగాయట, తాను డాక్టరునని మొట్టమొదట అనిపించిందట. ఇది మాత్రం వెటకారం కాదు.

తిరిగొచ్చాక ఏం జరిగిందో మీకు తెలిసిందే. దండలు, శాలువలు! "రోగి మాట వినడం ఒక కళ" అని ఊళ్లో ప్రతి క్లబ్బులోనూ లెక్చరు. మొన్న భీమునిపట్నంలో కూడా ఇచ్చి వచ్చాడు. వినే కళ గురించి గంటన్నరసేపు ఎవర్నీ నోరెత్తనివ్వకుండా మాట్లాడగలడు. ఇప్పుడు ఒక ఆసుపత్రిలో హౌస్ సర్జను. ఏ ఆసుపత్రో చెప్పను, ఆల్రెడీ అక్కడ రద్దీ ఎక్కువ.

సాయంత్రం అతనిచ్చే లెక్చరు గురించి పేపర్లో నాలుగు ముక్కలు రాయమని పిలిస్తే నిన్న అక్కడికి వెళ్లాను. బల్లమీద గాజుసీసాలో ఆ ముల్లుంది. రోగి కూర్చునే స్టూలు మీద స్లైడ్ ప్రొజెక్టరుంది. అంచేత రోగులంతా నిలబడే ఉన్నారు. ఆ వరసలో చీర చెంగుతో మొహం తుడుచుకుంటూ ముందుకొచ్చిందొక ముసలామె.

"దండాలు బాబూ. నాను అర్జునరావుగోడి అమ్మని. మావోడు సెలవలకొచ్చి మీ గురించే సెప్పినాడు. కుర్సీ యేసుకుని కూకుని గంటసేపిన్నారంట గదా. అందుకే సూపించుకుందారని మీకాడికే వచ్చినాను."

భీమశంకరరావు మొహం వెలిగిపోయింది! "అర్జునరావు! ఆ కేసు!" అంటూ లేచాడు. నర్సుల్ని పిలిచాడు, సీసా ఎత్తి చూపించాడు, ఆమె కొడుకు కథ ఆమెకే మొదట్నుంచీ చివరిదాకా చెప్పాడు, సగం ఇంగ్లీషులో.

"ఆ టేకు సేపని నానే కోసి అమ్మీసినాను బాబూ" అంది గంగాలమ్మ, సీసా కేసి చూసి. ఆ మాట ఎవరికీ వినపడలేదు.

కథ అయ్యాక అతను కలం తీశాడు. "ఊఁ, ఏమిటి?"

"తిన్నది అరగట్నేదు బాబూ..."

అతను గ్యాసు బిళ్లలు రాసేశాడు. "నెక్స్ట్!"

గంగాలమ్మ నోరు ఇంకా తెరిచే ఉంది. వెనకవాళ్లు తోశారు. వరండాలో నా పక్కన వచ్చి కూలబడి, చెప్పకుండా మిగిలిపోయింది నాకు చెప్పింది: "సేపల గంపెత్తుకుని యారాడ కొండెక్కితే గుండెలమీద బండెట్టినట్టుంటాది బాబూ. ఈ ఎడం సెయ్యి లాగేత్తాది. నిల్సుండిపోతే తగ్గుతాది. అది సెప్దారంటే ఆ బాబు కాయితంమీద కలమెట్టీసినాడు."

నేను వైద్యం చదవలేదు. అయినా ఇది అరుగుదల సంగతి కాదు, గుండెజబ్బని నాకే తట్టింది. లోపలికి పరిగెత్తుకెళ్లి చెప్పబోయాను. భీమశంకరరావు నా భుజం తట్టి, "సాయంత్రం లెక్చరుకి రండి మాస్టారూ, అన్నీ వివరంగా చెబుతాను" అన్నాడు. పక్కగది డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. ఆయన వీసా పనిమీద మద్రాసు వెళ్లాడు.

నేను తిరిగొచ్చేసరికి గంగాలమ్మ తల గుడ్డ చుట్టుకుంటోంది. ఒక్క మాట అడిగింది.

"ఆ దేశానికి ఏ ఓడెక్కాలి బాబూ? ఆడ ఈ బాబే కూకుని ఇంటాడంట గదా!"

నాకు కళ్లు తెరుచుకున్నాయి. పిచ్చిగా మన స్టూడెంట్లని మాత్రమే పంపుతున్నామండీ! రోగుల్ని కూడా పంపాలి. మన డాక్టరు మన రోగి పక్కన కూర్చునేది అక్కడే కదా! మన రేవు నుంచి రోజూ ఓడలకొద్దీ ఇనుపరాయి పరదేశాలకు పోతోంది. ఆ రాళ్ల పక్కన మనుషులకు కాసింత చోటివ్వమని హార్బరు అధికారుల్ని ఇందుమూలంగా వేడుకుంటున్నాను. దొరల కుర్చీ ఒకటి ఇటు తెప్పించుకోవచ్చు కదా అంటారేమో. కుర్చీలకేం, మన దగ్గరా బోలెడున్నాయి, వాటిమీద ప్రొజెక్టర్లున్నాయి.

ఏదో ఒకటి కాస్త తొందరగా తేల్చండి. రేపు పొద్దున్న గంగాలమ్మ మళ్లీ గంపెత్తుకుని కొండెక్కాలి.