సిలబస్‌లో లేని మాటలు

జనగామలోని ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంటర్ రెండో సంవత్సరం వాళ్లకు వాడుక ఇంగ్లీషు నేర్పే ముందు, వాళ్ల నోళ్లలోంచి ఇంటి మాటలను తీసి సీసాల్లో భద్రపరుస్తారు. నోట్లో ఉన్న చోటు కొంచెమే కాబట్టి ఇది తప్పదు. ఆ సీసాలు జువాలజీ ల్యాబులో, ఫార్మలిన్‌లో ఉన్న కప్పల పక్కన, అరల మీద ఉంటాయి. ల్యాబ్ అసిస్టెంటు పట్టకారుతో మాట తీస్తాడు. నొప్పి ఉండదు. గొంతు కొద్దిగా బొంగురుపోతుంది, అంతే.

దేశబోయిన అక్షిత ఆ కాలేజీలో బైపీసీ విద్యార్థిని. ఆమె తల్లి సమ్మక్క ఆర్టీసీ బస్సులో కండక్టరు. ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే. రోజంతా ప్రయాణికులతో అరిచి అరిచి వచ్చినా, కూతురితో నాలుగు ముచ్చట్లు చెప్పందే సమ్మక్కకు అన్నం సయించదు.

హైఫన్ విశేషణాల పాఠం అక్షితకు తేలిగ్గానే వచ్చింది. రెండు మాటలను పక్కపక్కన నిలబెట్టి నడుమ చిన్న గీత గీస్తే మనిషి ఎలాంటివాడో తేలిపోతుంది: హార్డ్-వర్కింగ్, ఓపెన్-మైండెడ్. పాఠం అయ్యాక ఇంగ్లీషు లెక్చరర్ సుదర్శనాచారి ఒక్కొక్కరికి ఒక్కో విశేషణం బ్యాడ్జీగా ఇచ్చాడు. బ్యాడ్జీ లేనివాళ్లు ఆ కాలేజీలో కంటికి కనబడరు, హాజరు కూడా పడదు. అక్షితకు ‘వెల్-స్పోకెన్’ వచ్చింది, కానీ తాత్కాలికంగానే. తర్వాతి పాఠం, అంటే స్లాంగ్, పూర్తి చేస్తేనే అది ఖాయమవుతుంది.

స్లాంగ్ కోసం అక్షిత నోట్లోంచి ‘గట్లనా’, ‘ఎందుకే’, ‘లొల్లి’, ‘జర’ లాంటివి తీశారు. ఆ ఖాళీల్లో ‘గొన్నా’, ‘వాన్నా’, ‘చిల్’ అమర్చారు. ఇంటికి వచ్చిన కూతురిని సమ్మక్క, “ఇయ్యాల ఏం తిన్నవ్ బిడ్డా?” అని అడిగింది. అక్షిత చాలాసేపు నోరు కదిపి, “నథింగ్ మచ్, మామ్” అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి ఎందుకో చెప్పే మాట కూడా ఆమె దగ్గర లేదు.

మర్నాడు సమ్మక్క డ్యూటీకి సెలవు పెట్టి, కూతురిని వెంటబెట్టుకుని కాలేజీకి వెళ్లింది. గేటు దగ్గర వాచ్‌మన్ ఆమెను ఒకసారి ఎగాదిగా చూసి ‘షార్ట్-టెంపర్డ్’ అనే బ్యాడ్జీ తగిలించి లోపలికి పంపాడు.

“నా బిడ్డ మాటలు ఏడ వెట్టిండ్రు సారూ?” అని ఆమె సుదర్శనాచారిని నిలదీసింది.

“అవి మాటలు కావమ్మా. స్లాంగ్.”

“మరి మీరు నేర్పేదేంది?”

“అదీ స్లాంగే. కాకపోతే సిలబస్‌లో ఉంది.”

“వాళ్ల స్లాంగుకు మార్కులు, మా దానికి సీసాలా? మేమేం పాపం జేసినం?”

“కోపం వద్దమ్మా. మీ బ్యాడ్జీలో ఆ సంగతి ముందే రాశాం కదా,” అన్నాడు సుదర్శనాచారి మర్యాదగానే.

సమ్మక్క ల్యాబులోకి వెళ్లి, అరలో అక్షిత పేరున్న సీసా ఒకటి తీసి మూత తిప్పింది. ‘అవ్వా’ అని తల్లిని పిలిచే మాట వినపడింది. అచ్చంగా అక్షిత చిన్నప్పటి గొంతు. ఒక్కసారి పలికి అది గాలిలో కలిసిపోయింది. సీసాలో నీళ్లు మిగిలాయి. ల్యాబ్ అసిస్టెంటు బాధపడ్డాడు. బయటికి తీసిన మాట మళ్లీ నోట్లో అతకదని, అందుకే మూతలు అంత గట్టిగా బిగిస్తామని చెప్పాడు.

సమ్మక్క ఆ ఖాళీ సీసాను గోడకేసి కొట్టింది. “పొల్లగాండ్ల నోట్లకెల్లి తల్లిని గుంజుకునుడు గూడ సదువేనా?” అని అరిచింది. ఆ అరుపు విని ఫస్టియర్ పిల్లలు కొందరు నవ్వారు. ఒకడు, “ఆంటీ స్లాంగ్ భలే ఉంది రా,” అన్నాడు.

సుదర్శనాచారి ఆమెకు మంచినీళ్లు ఇప్పించాడు. పిల్లలతో మాట కలవని తల్లుల కోసం సాయంత్రం ఇంగ్లీషు బ్యాచ్ ఉందని, ఇప్పటివరకు లొల్లి చేసినవాళ్లంతా చివరికి అందులోనే చేరారని చెప్పాడు. సమ్మక్క కూతురి వైపు చూసింది. అక్షిత తల్లి చెయ్యి పట్టుకుని, “ప్లీజ్, మామ్,” అంది.

సమ్మక్క ల్యాబులో ఉన్న కుర్చీ దగ్గరికి నడిచింది. అందులో కూర్చుంది. ల్యాబ్ అసిస్టెంటు పట్టకారు తుడిచి, నోరు తెరవమన్నాడు.

“జర ఆగు,” అంది ఆమె. కూతురి తల మీద చెయ్యి వేసి, “పైలం బిడ్డా,” అంది.

అక్షిత అర్థం కానట్టు లెక్చరర్ వైపు చూసింది.

“టేక్ కేర్ అని,” అన్నాడు సుదర్శనాచారి. ఒక్క క్షణం ఆగి, “సరిగ్గా అదే కాదు. పరీక్షకు అది చాలు,” అన్నాడు.

“యూ టూ, మామ్,” అంది అక్షిత నవ్వుతూ.

సమ్మక్క నోరు తెరిచింది. బయట బెంచీ మీద ఇంకో తల్లి కూర్చుని ఉంది, తన వంతు ఎప్పుడొస్తుందా అని.