గంటసేపు నాలుగు శాతం

"మిత్రులారా! ఇవాళ్టితో మన కంపెనీ పెన్షన్ నిధిలో లోటు అన్న మాటే లేదు!"

గొడుగుల కంపెనీ మేనేజరుగారు ఈ మాట అనగానే డైరెక్టర్లంతా బల్లలు చరిచారు. చరచక ఏం చేస్తారు మరి! నిధిలో చిల్లిగవ్వ వేయకుండా అంత పెద్ద గొయ్యి పూడ్చిన మహానుభావుడాయన! అక్కడికక్కడే లాభం ప్రకటించారు, అందులోంచి ఆయనకు బోనసు ప్రకటించారు. పెన్షన్ లెక్కలు కట్టే గుమాస్తా మాత్రం మూలన కూర్చుని గోళ్లు కొరుక్కున్నాడు.

మేనేజరుగారు ఇంటికెళ్లి, చెప్పులు కూడా విప్పకుండా, భార్యకు తన ఘనకార్యం విడమరిచారు.

"ఇరవై ఏళ్ల తర్వాత ఒకడికి వంద ఇవ్వాలనుకో. డబ్బు ఏటా నాలుగు శాతం పెరుగుతుందనుకుంటే ఇవాళ నలభై ఆరు పక్కన పెట్టాలి. తొమ్మిది శాతం పెరుగుతుందనుకుంటే పద్దెనిమిది చాలు! అందుకని తొమ్మిదనుకున్నాం."

"అనుకుంటే అయిపోతుందా? నిజంగా పెరగొద్దూ?"

"పెరిగిందో లేదో తేలేది ఇరవై ఏళ్లకి. అప్పటికి ఆ కుర్చీలో నేనుంటానా ఏమన్నానా!"

"సరే గానీ, గ్యాసు అయిపోయింది. ఉందనుకుని వంట చేసేదా?"

మేనేజరుగారికి ఇలాంటి ప్రశ్నలు వినపడవు.

ఏడాది తిరక్కుండా ఆయన పదవీ విరమణ దగ్గరపడింది. నెలనెలా పెన్షన్ బదులు మొత్తం ఒకేసారి తీసుకుని మేడ కొనాలన్నది మొగుడూ పెళ్లాల కోరిక. బయానా కూడా ఇచ్చేశారు. గుమాస్తా లెక్క కట్టి ఇంటికి తెచ్చాడు. చూడగానే మేనేజరుగారు కాగితం బల్లకేసి కొట్టి అరిచారు.

"ఇందులో మూడో వంతు ఏదయ్యా?"

"రేటులో పోయిందండీ. నెలనెలా రావాల్సినదాన్ని ఇవాళ్టి విలువకు కడితే, రేటు పెరిగేకొద్దీ చేతికొచ్చేది తగ్గుతుందండీ."

"ఎంత రేటు?"

"తొమ్మిదండీ."

"ఏ మతిలేనివాడు పెట్టాడయ్యా తొమ్మిది!"

గుమాస్తా పైకి చూశాడు. ఫ్యాను కూడా తిరగడం లేదు, పాపం.

"మూడో వంతు పోతే పై అంతస్తు పోయినట్టే," అంది భార్య. "మెట్లు మిగుల్తాయి. పొద్దున్నే ఎక్కి దిగుతూ ఉండండి, ఒంటికి మంచిది."

రేటు పూర్తిగా తగ్గిస్తే లోటు మళ్లీ నోరు తెరుస్తుంది, పుచ్చుకున్న బోనసు కక్కాల్సి వస్తుంది. రాత్రంతా ఆలోచించి మేనేజరుగారు ఒక ఉత్తర్వు జారీ చేశారు. తన విరమణ రోజున, ఉదయం పది నుంచి పదకొండు వరకు మాత్రమే, రేటు నాలుగు శాతం! ఒక్కరి పేరు రాస్తే చెల్లదని ప్లీడరు చెప్పడంతో 'సొమ్ము ఒకేసారి కోరే అర్హులైన ఉద్యోగులందరికీ' అని రాయాల్సి వచ్చింది. అందరికీ కనపడేలా అంటించాలన్నది నియమం కాబట్టి మరుగుదొడ్ల దారిలో అంటించారు. అక్కడ ఆగి ఎవరు చదువుతారు! వరసలో నిలబడ్డవాడు చదవక ఇంకేం చేస్తాడన్నది ఆయనకు తట్టలేదు. ఆయనకు సొంత మరుగుదొడ్డి ఉంది మరి.

ఆ రోజు రానే వచ్చింది. తొమ్మిదిన్నరకు వీడ్కోలు సభ. నాలుగు ముక్కలు మాట్లాడి కౌంటరుకు వెళ్లిపోదామనే మేనేజరుగారు వేదిక ఎక్కారు. కానీ మైకు చేతికొచ్చాక దించడం ఆయన తరమా!

"సోదరులారా! రేపటి మీద నమ్మకం ఉంచండి! తొమ్మిది శాతాన్ని శంకించకండి!"

రెండో వరసలోంచి, గొడుగులకు పిడులు బిగించే ముసలాయన కళ్లు తుడుచుకుంటూ లేచి బయటికి నడిచాడు. ఆ వెనకే గుడ్డ కత్తిరించే ఆవిడ, ముక్కు చీదుకుంటూ. కాసేపటికి వరసకు వరసే లేచింది.

మేనేజరుగారి గుండె కరిగిపోయింది. ఎంత అభిమానం! ఏడుపు ఆపుకోలేక పోతున్నారు పిచ్చివాళ్లు! ఇలాంటి వాళ్లకు ఇంకాస్త చెప్పకపోతే పాపం అనుకుని చిన్నప్పటి సంగతులు ఎత్తుకున్నారు. ముందు వరసలోంచి భార్య చేతి గడియారం పైకెత్తి చూపించింది.

"చూశారా! కాలం ఎలా గడిచిపోయిందోనని నా అర్ధాంగి కూడా బాధపడుతోంది!"

అర్ధాంగి తల పట్టుకుంది.

ఆయన దిగేసరికి హాల్లో ఆవిడా, మైకువాడూ మిగిలారు. మెడలో దండతోనే కౌంటరుకు పరుగెత్తారు. గుమాస్తా తలుపు మూస్తున్నాడు.

"పదకొండు దాటిందండీ."

"నేనయ్యా!"

"గడువు మీరు పెట్టిందేనండీ. ఇక తొమ్మిదే."

"తొమ్మిదా!" మేనేజరుగారు దండ తెంపి నేలకేసి కొట్టారు. "ఏ బ్యాంకులో పెరుగుతుందయ్యా డబ్బు తొమ్మిది శాతం! కష్టపడి పనిచేసినవాళ్ల నోరు కొట్టడానికి కట్టిన దొంగ లెక్క కాకపోతే!"

చెక్కులు జేబుల్లో పెట్టుకుని గోడవారన నిలబడ్డ జనమంతా ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. ఆ పూట ఆయన మాట్లాడినదాంట్లో చప్పట్లు పడింది ఆ ఒక్క మాటకే.